ఆ కన్నం ఎందుకుందో తెలుసుకున్నాక పలుగు ఎత్తండి

మా ఊరి పాత మున్సిఫ్ కోర్టు భవనం సంగతి తేల్చబోతున్న కమిటీ పెద్దలకు, బార్ అసోసియేషన్ సభ్యులకు,

నమస్కారం.

కొత్త కోర్టు కాంప్లెక్సు వస్తోందనీ, దాని కోసం పాత భవనం పడగొట్టి ఆ జాగాలో బళ్లు పెట్టుకోవడానికి చోటూ, కక్షిదారులకి ఒక షెడ్డూ వేస్తారనీ విన్నాను. ఆ భవనంలో నేను ముప్పై రెండేళ్లు పనిచేశాను. కాపీయిస్టుగా చేరి బెంచి క్లర్కుగా దిగిపోయాను. మధ్యలో కొన్నేళ్లు రికార్డు గది తాళంచెవులు నా జేబులోనే ఉండేవి. అక్కడ ఏ కిటికీ ఏ గాలికి కొట్టుకుంటుందో చెప్పగలను. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. కొత్త భవనం కావాలి, కావాల్సిందే. ఆడవాళ్లు వకీళ్లుగా రావచ్చని 1923లో చట్టం చేశారు. మా కోర్టులో వాళ్లు కాస్త కూర్చోవడానికి ఒక గది ఇచ్చేసరికి నా రిటైర్మెంటు దగ్గరపడింది. అదీ స్టేషనరీ బీరువాలు పక్కకి జరిపి ఇచ్చిన గది. బాత్రూం సంగతి అడక్కండి. ముందున్న ఏడు మెట్లూ నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కాలు విరిగిన సాక్షిని ఇద్దరు బంట్రోతులు కుర్చీతో సహా ఎత్తుకుని లోపలికి తేవడం నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. వానాకాలం వస్తే నా బల్లని ఈ మూల నుంచి ఆ మూలకి లాక్కోవడమే పని. ఇన్ని చూసినవాణ్ని, పాతదే బంగారం అని పాట పాడను. కొత్తది కట్టండి. పాతదాన్ని మాత్రం ఉంచండి. ఎందుకు ఉంచాలో చెప్పనివ్వండి.

మీలో ఎవరికైనా వీలైతే ఒకసారి హాల్లోకి వెళ్లి తూర్పు గోడ చూడండి. నిలువెత్తు మనిషి చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఒక కన్నం ఉంటుంది. చుట్టూ టేకు చెక్క బిగించారు. కొత్తగా వచ్చిన గుమస్తాలు అది ఎలకల కన్నం అనుకునేవారు. ఒకాయన అందులో పాత వకాల్తా ఫారాలు ఉండచుట్టి కుక్కాడు కూడా. స్టూలు ఎక్కి వేలు పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. చెక్క కింది అంచున నున్నటి గాడి పడి ఉంటుంది, చిటికెనవేలు సరిగ్గా ఇమిడేంత లోతున. అది పంకా తాడు పడి అరిగిన గాడి.

కరెంటు రాకముందు హాలు కప్పునుంచి పెద్ద గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు కప్పీ మీదుగా ఈ కన్నంలోంచి బయటి వరండాలోకి వెళ్లేది. అక్కడ గోడకి వీపు ఆనించి కూర్చుని ఒక మనిషి పొద్దస్తమానం లాగేవాడు. చేతులు నొప్పెడితే తాడు కాలి బొటనవేలికి కట్టుకుని లాగేవారట. లోపల మున్సిఫు గారికి, ప్లీడర్లకి గాలి. బయట అతనికి ఎండ. వాదనలన్నీ అతనికి వినపడేవి గానీ, గోడ అడ్డం కాబట్టి ఏదీ కనపడేది కాదు. అతని పేరు ఏ రిజిస్టరులోనూ నాకు దొరకలేదు. అతను ఉన్నాడనడానికి ఆ ఊరంతటికీ మిగిలిన రుజువు ఆ గాడి ఒక్కటే. గోడ పడితే అదీ పోతుంది.

ఇక ముఖద్వారం పైన సున్నంతో పోతపోసిన సంవత్సరం ఉంది. ఏటేటా వేసిన వెల్లలు, ఆ పైన డిస్టెంపర్లు, ఆ పైన ఎమల్షన్లు పొరలు పొరలుగా పట్టేసి అంకెలు పూడిపోయాయి. ‘18’ వరకూ వేలితో తడిమితే తెలుస్తుంది. తర్వాతి రెండు అంకెలు ఉబ్బెత్తుగా తగులుతాయే గాని ఏమిటో తేలవు. మీరు చేయించాల్సిన మొదటి పని చాలా చవకైనది. వెదురు చీలికతో ఆ రంగు నెమ్మదిగా గీకించండి. ఎన్నేళ్లదో తెలియని భవనాన్ని పడగొట్టాలని తీర్మానం ఎలా రాస్తారు?

ఇలాంటి మున్సిఫ్ కోర్టులు మన చిన్న ఊళ్లకి ఎలా వచ్చాయో కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. 1802లో ఈస్టిండియా కంపెనీవాళ్లు బెంగాల్లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ పెట్టిన పద్ధతిని మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి జిల్లా కోర్టులు పెట్టారు. జడ్జీ ఇంగ్లీషువాడు. కోర్టు ఎక్కడో జిల్లా కేంద్రంలో. పది రూపాయల బాకీ కోసం రైతు నాలుగు రోజులు నడిచి వెళ్లాలి, సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్లాలి, వాయిదా పడితే మళ్లీ రావాలి. దావాలు గుట్టలు పడ్డాయి. 1814లో సర్ థామస్ మన్రో అధ్యక్షుడిగా ఒక కమిషన్ వేశారు. మన కర్నూలు జిల్లా పత్తికొండలో 1827లో కలరాతో చనిపోయిన మన్రోయే ఈయన. చిన్న తగాదాల్ని ఊళ్లవాళ్లకీ, ఇక్కడి న్యాయాధికారులకీ వదిలెయ్యాలన్నది ఆయన పట్టు. ఫలితంగా 1816లో రెగ్యులేషన్లు వచ్చాయి. నాలుగోది గ్రామ మునసబులకి పది రూపాయల దాకా దావాలు వినే అధికారం ఇచ్చింది. ఆరోది జిల్లా మున్సిఫులనే కొత్త కొలువు పెట్టి రెండు వందల రూపాయల దాకా వినమంది. ఐదు, ఏడు రెగ్యులేషన్లు పంచాయతీల కోసం.

మున్సిఫ్, మునసబు రెండూ ఒకే మాట. ‘ఇన్సాఫ్’ అంటే న్యాయం, అది చేసేవాడు మున్సిఫ్. ఊళ్లో శిస్తు వసూలు చేసే మునసబు గారికీ, కోర్టులో పీఠమెక్కిన మున్సిఫు గారికీ పేరు ఒకే అరబ్బీ మూలం నుంచి పుట్టిందంటే మా ఆఫీసులోనే చాలామంది నమ్మలేదు. 1984లో ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. తర్వాత కోర్టులో మున్సిఫ్ అనే పేరూ పోయి జూనియర్ సివిల్ జడ్జి అని వచ్చింది. జనం నోట్లో మాత్రం ఇవాళ్టికీ అది మున్సిఫ్ కోర్టే. దావా, జప్తు, అమీనా, నాజరు, వకాల్తా, హాజరు, రద్దు, జామీను, వాయిదా – ఇన్ని మాటలు మన పల్లెల్లో అక్షరం రాని వాళ్ల నోళ్లలో కూడా అలవోకగా ఆడుతున్నాయంటే, కచేరీల గుమ్మాల్లో తిరిగి తిరిగి అలవాటైన మాటలవి. సామెతలు కూడా ఇక్కడే పుట్టాయి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట!

1873లో మద్రాసు సివిల్ కోర్టుల చట్టం వచ్చి మున్సిఫు పరిమితిని రెండున్నర వేల రూపాయలకి పెంచింది. ఆ రోజుల్లో రెండున్నర వేలంటే పొలాలు, ఇళ్లు, కట్నాలు, పంపకాలు అన్నీ అందులోకి వచ్చేస్తాయి. చిన్న ఊరి కోర్టు నిజంగా జనం జీవితాల్లోకి దిగింది అప్పుడే అని నా లెక్క.

మన భవనం గురించి నాకు ముచ్చటైన సంగతి ఒకటుంది. అది కోర్టుకి గొడుగులా నిలబడిన నాలుగు గోడలు మాత్రమే అనుకుంటాం. చట్టం అలా అనుకోలేదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ తీసి చూడండి. ప్రతివాది సమనుకి దొరక్కుండా తప్పించుకు తిరుగుతుంటే, నోటీసు కాపీ ఒకటి అతని ఇంటికి, ఒకటి కోర్టు భవనంలో అందరికీ కనపడే చోట అతికించమంటుంది. పొలం జప్తు చేస్తే ఆ పొలం దగ్గర టముకు వేయించి, జప్తు ఉత్తర్వు కాపీ పొలంలోనూ, కోర్టు భవనానికీ అంటించమంటుంది. అంటే గోడకి కూడా చట్టంలో ఒక ఉద్యోగం ఉంది. మన వరండాలో పడమటి గోడ చేసిన ఉద్యోగం అదే. మైదా జిగురు, దానిమీద కాగితం, దానిమీద మళ్లీ జిగురు. నేను చేరిన కొత్తల్లో ఆ పొర అరంగుళం మందాన ఉండేది. ఒక మూల ఊడి వేలాడితే లాగి చూశాను. పై కాగితం తెలుగులో టైపు, దాని కింద తెలుగు చేతిరాత, ఇంకా కింద ఇంగ్లీషు అచ్చు. దాని కింద సున్నం.

కోర్టు ఉత్తర్వులు అమలుచేసే అమీనా గారు జప్తుకి బయల్దేరితే ఊళ్లో తలుపులు మూసుకునేవి. ఆ భయం నిజమే. కానీ అదే కోడ్‌లో అరవయ్యో సెక్షన్ ఉంది. కట్టుబట్టలు, వంట పాత్రలు, పడుకునే పక్కబట్టలు ముట్టుకోకూడదు. చేతిపనివాడి పనిముట్లు పట్టుకెళ్లకూడదు. రైతుకి బతకడానికి కావాల్సిన పశువులు, విత్తనాలు వదిలెయ్యాలి. మతాచారం ప్రకారం ఆడమనిషి ఒంటిమీంచి తియ్యకూడని నగ తియ్యకూడదు. ఈ ఆఖరి ముక్క గురించి మా పాత అమీనా ఒకాయన గర్వంగా చెప్పేవాడు: “పుస్తెలు తప్ప ఇంకేమైనా రాసుకోవచ్చు నాయనా, పుస్తెల జోలికి పోతే ఉద్యోగం పోతుంది.” వంట పాత్రలు వదలాలన్న రూలు మాత్రం ఎంతమంది పాటించారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి చెప్పుకోవాలి.

మా తాతకి రెండెకరాల మాగాణి ఉండేదని, అది అప్పుల్లో పోయిందని ఇంట్లో అనేవారు. ఎవరికి పోయింది, ఎంతకి పోయింది అంటే మా నాన్న మాట మార్చేవాడు. రికార్డు గది నా చేతికొచ్చిన రెండో ఏడు, పాత ఈపీ రిజిస్టర్లు, అంటే డిక్రీ అమలు చెయ్యమని వేసే పిటిషన్ల పుస్తకాలు, దులుపుతుంటే మా ఇంటి పేరు కనపడింది. 1936. వడ్లకి ధర లేని రోజులు, ప్రపంచమంతా మాంద్యం. ప్రొనోటు బాకీ మీద డిక్రీ, డిక్రీ మీద జప్తు, జప్తు మీద వేలం. ఆ వేలం మన కోర్టు వరండాలోనే జరిగింది. పాడుకున్నవాడు పావువంతు సొమ్ము అక్కడికక్కడే కట్టాలి, మిగతాది పదిహేను రోజుల్లో. కట్టేశాడు. కోర్టు వేలం ఖాయం చేసింది. మొత్తం కథ రిజిస్టరులో ఒకే వరసలో, ఎర్ర సిరా గీతల మధ్య, జానెడు పొడవున ఉంది. వేలం పోయిన పొలాన్ని వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఆ కోడ్‌లోనే ఉంది. బాకీ, దానితోపాటు కొన్నవాడికి పాట సొమ్ములో వందకి ఐదు చొప్పున నష్టపరిహారం గడువులోగా జమ చేస్తే వేలం కొట్టేస్తారు. ఆ సొమ్మే ఉంటే పొలం వేలానికి ఎందుకొస్తుంది?

రెండేళ్లకి, 1938లో, రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం తెచ్చింది. అసలుకి రెండింతలు అప్పటికే కట్టేసి ఉంటే బాకీ తీరిపోయినట్టే అంది. పాత బాకీల మీద పేరుకున్న వడ్డీలు కొట్టేసింది. మన కోర్టులో ఆ ఏడాది రిజిస్టర్లు తిరగేస్తే పేజీలకి పేజీలు ఆ చట్టం కింద పిటిషన్లే. మా తాత పేరు అందులో లేదు. ఆయనకి పిటిషను వేసుకోవడానికి పొలం మిగల్లేదు.

ఆ వరండా మీద నాకు ప్రేమ పొంగిపొర్లుతుందని మీరు అనుకోకుండా ఈ సంగతి చెప్పాను. ముప్పై రెండేళ్లు రోజూ ఆ వరండా దాటి లోపలికి వెళ్లాను. ఫలానా స్తంభం దగ్గర నిలబడి వేలం పాట పాడి ఉంటారు అని ఒక్కోసారి తోచేది. అయినా ఆ స్తంభం ఉండాలనే అంటున్నాను. మా మనవలకి నేను ఆ రిజిస్టరు చూపించలేను, స్తంభాన్ని చూపించగలను.

కట్టడం గురించి ఇంజనీర్లకి నేను చెప్పాల్సింది లేదు గానీ, కమిటీలో అందరూ ఇంజనీర్లు కారు కదా. హాలు మీద ఉన్నది మద్రాసు టెర్రసు. టేకు దూలాలు పరిచి, వాటిమీద సన్నటి ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల కాంక్రీటు పోస్తారు. ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్క బల్లలతో రోజుల తరబడి దాన్ని దిమ్మిస కొట్టేవారు. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ కొడితే సున్నం రాయిలా బిగుస్తుంది. ఇనప చువ్వ ఒక్కటి లేదు, ఒక్క బస్తా సిమెంటు లేదు. వరండా మీద మంగుళూరు పెంకు. మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక ఆ పెంకు ఓడలెక్కి రేవులన్నిటికీ చేరింది. గోడలు మోచెయ్యి పొడవు మందం. మే నెలలో హాల్లో అడుగుపెడితే బయటికీ లోపలికీ తేడా చొక్కాకి తెలుస్తుంది.

అలాంటి గోడకి నా సర్వీసు మధ్యలో ఒకసారి రిపేరు చేయించారు. ఎవరు చేయించారో, ఎవరు చేశారో ఇప్పుడు అనవసరం. అడుగుభాగం అంతా సున్నం గీకేసి సిమెంటు పూసి వెళ్లారు. రెండు వానాకాలాలు తిరక్కుండానే ఉప్పు పూసింది, పెచ్చులూడాయి. సున్నపు గోడ నేలలో తడి పీల్చుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని, ఉప్పు గడ్డకట్టి, గోడని లోపల్నుంచి తినేస్తుంది. ఇప్పుడు ఆ పెచ్చులూడిన గోడల ఫొటోలే చూపించి భవనం శిథిలమైందంటున్నారు. శిథిలమైంది ఆ సిమెంటు పూత. దాని పైన నాలుగు అడుగులు దాటాక గోడ ఎలా ఉందో కూడా ఫొటో తీయించండి.

బార్ మిత్రులకి ఒక మాట. మీ పాత తరం వాళ్ల గురించి మీకే ఎక్కువ తెలుసు. చిన్న కోర్టంటే చిన్నచూపు వద్దు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు గారు తొలిరోజుల్లో కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మున్సిఫు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు పెడితే మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ప్రకాశం పంతులు గారు రాజమండ్రిలో సెకండు గ్రేడు ప్లీడరుగా పనిచేసినవారు. తర్వాత బారిస్టరై మద్రాసులో బోలెడు సంపాదించి, గాంధీగారు కోర్టులు మానెయ్యమంటే ఆ ప్రాక్టీసు వదిలేశారు. చిన్న కోర్టు పీఠాల మీదుగా, చిన్న కోర్టు బల్లల మీదుగా వచ్చినవాళ్లే అంతా.

హైకోర్టు మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన కోర్టు తీర్పు మీద చివరిదాకా కొట్లాడాలంటే రైలెక్కి ఎక్కడికి వెళ్లాలి? 1862 నుంచి మద్రాసు. 1954లో గుంటూరు. 1956లో హైదరాబాదు. 2019 జనవరి 1 నుంచి అమరావతి. పై కోర్టు నాలుగు ఊళ్లు మారింది. కింది కోర్టు ఉన్నచోటే ఉంది. ఒకే భూమి తగాదాకి సంబంధించిన కట్టలో మూడు ఊళ్ల హైకోర్టు ముద్రలు నా కళ్లతో చూశాను. మొదట దావా వేసినవాడి మనవడు ఆ కట్ట కాపీల కోసం నా బల్ల దగ్గరకొచ్చాడు.

భవనం కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఆ కట్టలే. భవనం ఖాళీ చేస్తారంటే ముందు ఖాళీ అయ్యేది రికార్డు గది. 1917లోనే రికార్డుల ధ్వంసం చట్టం అని ఒకటి చేశారు. ఏ కాగితం ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు నాశనం చెయ్యాలో రూల్సు రాసుకునే అధికారం హైకోర్టులకి ఇచ్చింది. గడువు తీరిన కట్టల్ని జాబితా రాసి, అనుమతి తీసుకుని చింపేస్తాం. అది తప్పు అనను, లేకపోతే మనుషులు కూర్చోడానికి చోటుండదు. ఆ జాబితాల్లో నా సంతకాలూ ఉన్నాయి. కానీ ఇల్లు మారేటప్పుడు జరిగే నాశనం వేరు. అప్పుడు జాబితా ఉండదు, ట్రాక్టరు ఉంటుంది.

ఆ కట్టల్లో ఏముంటుందంటారా? తీర్పు కాపీల కోసం చూస్తే మామూలే. నన్నడిగితే కమిషనర్ ప్లానులు చూడాలి. గట్టు తగాదా వచ్చినప్పుడు కోర్టు ఒక ప్లీడరుని కమిషనరుగా వేసి పంపేది. ఆయన టేపు పట్టించి కొలిచి, పటం గీసి దాఖలు చేసేవాడు. బావి ఎక్కడ, చింతచెట్టు ఎక్కడ, బోదె ఎటు పారుతుంది, ఏ వీధిలో ఎవరి ఇళ్లు, దళితవాడకి దారి ఎక్కడ ఆగిపోయింది – అన్నీ రంగు సిరాల్లో. మా చుట్టుపక్కల ఊళ్ల రూపురేఖలు అంత వివరంగా ఇంకెక్కడా నాకు కనపడలేదు. సాక్ష్యాలు ఇంకో నిధి. సాక్షి తెలుగులో చెప్పేవాడు, మున్సిఫు గారు ఇంగ్లీషులో రాసుకునేవారు, చివర్న తెలుగులో చదివి వినిపించి ఒప్పించేవారు. ఆ ఇంగ్లీషు మధ్యలో ఎక్కడో అనువాదానికి లొంగని మాట ఒకటి వస్తే, ఆయన దాన్ని అలాగే తెలుగు లిపిలో రాసి కింద గీత గీసేవారు. నాకు గుర్తున్న మాట ‘కిట్టుబాటు’. ఒక ముసలాయన సాక్ష్యంలో, ఒక పేజీ ఇంగ్లీషులో ఒంటరిగా.

ఈ-కోర్టుల మూడో దశకి కేంద్రం 2023లో 7,210 కోట్లు మంజూరు చేసింది. పాత రికార్డుల స్కానింగు కూడా అందులో ఉంది. నడుస్తున్న కేసులకి తొందరుంటుంది కాబట్టి అవే ముందు చేస్తారు, అర్థం చేసుకోగలను. మన వందేళ్ల నాటి సూట్ రిజిస్టర్లు, ఈపీ రిజిస్టర్లు, కమిషనర్ ప్లానులు – మూడు బీరువాలకి మించవు. భవనం నుంచి కాగితం బయటికి కదలకముందే వాటిని స్కాన్ చేయించండి. స్కాన్ అయ్యాక కూడా అసలుని పారెయ్యకండి.

ఇక భవనాన్ని ఏం చేసుకోవాలి అని అడుగుతారు. నాకు తోచింది చెబుతాను. హాల్లో లోక్ అదాలత్ పెట్టండి. ఎత్తు పీఠం వద్దు, కిందే గుండ్రంగా కుర్చీలు వేయండి. 1816లో పంచాయతీల రెగ్యులేషన్లు పుట్టింది కూడా ఇలాంటి రాజీల కోసమే కదా, రెండు వందల ఏళ్లకి సరిగ్గా అక్కడికే వచ్చాం. పక్క గదిలో ఉచిత న్యాయ సహాయం. రికార్డు గది రికార్డు గదిగానే ఉండాలి, దాన్ని దేనికీ మార్చొద్దు. మెట్ల పక్కన ఒక ర్యాంపు, వెనక ఆడవాళ్లకి మంచి బాత్రూం, కొత్త వైరింగు. వైరింగు గురించి గట్టిగా చెబుతున్నాను, 2009లో హైదరాబాదు హైకోర్టు పాత భవనంలో మంటలు రేగి లైబ్రరీ కాలిపోయింది. 1920లో నిజాం ప్రారంభించిన అంత ఘనమైన భవనానికే తప్పలేదు. మనది టేకు దూలాల కప్పు, నాలుగు గదుల నిండా కాగితం.

సున్నం పనివాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారు అంటారేమో. పాత గుళ్లు, కోటలు బాగుచేసే పనులు నడుస్తూనే ఉన్నాయి, డంగు సున్నం తెలిసినవాళ్లు ఉన్నారు. 1892లో కట్టిన మద్రాసు హైకోర్టు భవనంలో ఇవాళ్టికీ కేసులు నడుస్తున్నాయి. నూరేళ్లు దాటిన కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించే వీలు మన 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టంలో ఉంది. మన భవనానికి ఆ వయసుందో లేదో ముఖద్వారం పైనున్న రంగు గీకితే తెలుస్తుంది. అందుకే మొదట అది గీకించమన్నాను.

ఇంత చెప్పినా కుదరదు, పడగొట్టక తప్పదు అని మీరు తేలిస్తే, కనీసం ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లల్ని ఒక నెల పంపి ప్రతి గోడా కొలిపించండి, గీయించండి. వరండా స్తంభాలు, హాలు కప్పు, సాక్షి బోను, ఆ పంకా కన్నం – దేన్నీ వదలొద్దని చెప్పండి. కన్నం చుట్టూ ఉన్న టేకు చెక్కని మాత్రం ఊడదీసి దాచండి.

రికార్డు గది చూడ్డానికి ఎప్పుడు వెళ్లినా నాకు ఒక కబురు పెట్టండి, వస్తాను. నేను రాలేకపోతే ఒకటి గుర్తుంచుకోండి. తాళం మొదటిసారి తిప్పితే రాదు. ఎడమచేత్తో తలుపు పైకెత్తి పట్టుకుని, చెవి మూడోసారి తిప్పాలి. లోపలికి వెళ్లగానే కుడివైపు రెండో బీరువా, పై అర. 1936 ఈపీ రిజిస్టరు అక్కడే ఉంటుంది. అట్ట ఊడిపోయి నూలు తాడుతో కట్టి ఉంటుంది. ఆ ముడి నేను వేసిందే.

ఇట్లు,
ఆ కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైన ఒకడు